హిట్లర్ జర్మనీలో జనం నిజంగా నమ్మారా, భయపడి ఊరుకున్నారా?

సగం_నోట్స్:
సివిల్స్ కోసం వరల్డ్ హిస్టరీ చదువుతున్నా, నాజీ జర్మనీ దగ్గరకొచ్చి ఆగిపోయా. మెటీరియల్‌లో ఈ టాపిక్‌కి మూడు ముక్కలే ఇచ్చారు, ప్రచారం, భయం, హిట్లర్ కరిష్మా, అయిపోయింది. ఎగ్జామ్‌లో అవే రాసేసి రావచ్చు గానీ నాకైతే మింగుడు పడట్లేదు. ఎందుకంటే ఫ్రీగా జరిగిన ఎలక్షన్లలో నాజీ పార్టీకి వచ్చిన మాక్సిమం 1932 జులైలో 37 శాతం, అదే ఏడాది నవంబర్‌కి మళ్ళీ 33కి పడిపోయింది, హిట్లర్ ఛాన్సలర్ అయ్యాక అటు పోలీసుల్ని ఇటు సొంత గూండాల్ని పెట్టుకుని జరిపిన 1933 మార్చి ఎలక్షన్‌లో కూడా 44 దాటలేదు. అంటే సగం కంటే ఎక్కువ మంది వద్దన్నవాళ్ళే కదా. మరి రెండు మూడేళ్ళు తిరిగేసరికి వాళ్ళంతా ఏమైపోయారు, మారిపోయారా, నోరు మూసుకున్నారా, లేకపోతే నటించారా?

ఇంకోటి, మన దగ్గర ఏ పార్టీ ప్రెస్ మీట్ చూసినా అవతలోళ్ళది గోబెల్స్ ప్రచారం అంటారు, అబద్ధాన్ని వంద సార్లు చెప్తే నిజమైపోతుందట. అంత సింపులా? అంత చదువుకున్న దేశం రేడియోలో ఏదో చెప్తే అలా మారిపోతుందా?

ఇప్పటి పాలిటిక్స్ తీసుకురాకండి ప్లీజ్, పోయినసారి నా థ్రెడ్ లాక్ అయిపోయింది.

పాతపేపర్ల_బండి:
ముందు ఆ వంద సార్ల డైలాగ్ సంగతి చూద్దాం. హిట్లర్ ప్రచార మంత్రి గోబెల్స్ ఆ మాట అన్నట్టు నమ్మదగ్గ ఆధారం ఎక్కడా లేదు. 1933 మార్చిలో రేడియో అధికారుల్ని కూర్చోబెట్టి అతను చెప్పింది వేరే, ఏమైనా చెయ్యండి, బోర్ మాత్రం కొట్టించకండి అన్నాడు. అతని తెలివంతా అక్కడుంది. నాజీలు ఏలిన ఆ పన్నెండేళ్ళలో తీసిన సినిమాల్లో ఎక్కువ భాగం ప్రేమకథలు, కామెడీలు, పాటల సినిమాలే, జెండాలూ ఉపన్యాసాలూ ఉన్నవి తక్కువ. రేడియో కూడా అంతే, పాటల మధ్యలో నాయకుడి స్పీచ్ వస్తుంది. ఆ రేడియో సెట్ కూడా వాళ్ళు చవగ్గా చేయించిందే, 76 మార్కులు, అంటే మామూలు వర్కర్‌కి రెండు మూడు వారాల జీతం, 1938లో ఇంకో చిన్న సెట్ తెచ్చారు 35 మార్కులకే. మొదటి దాని మోడల్ నంబర్ 301, హిట్లర్ అధికారంలోకి వచ్చిన జనవరి 30 గుర్తుగా.

కానీ నన్నడిగితే రేడియో కంటే పెద్ద విషయం ఫారాలు. నవ్వకండి. 1933 జూన్‌లో పెళ్ళి లోన్ స్కీమ్ పెట్టారు, కొత్తగా పెళ్ళయ్యేవాళ్ళకి వెయ్యి మార్కుల దాకా అప్పు, క్యాష్ ఇవ్వరు, మంచాలూ బీరువాలూ వంటసామాన్లూ కొనుక్కోడానికి కూపన్లు ఇస్తారు, అమ్మాయి ఉద్యోగం మానేయాలి, బిడ్డ పుట్టినప్పుడల్లా పావు వంతు మాఫీ, నలుగురు పుడితే అప్పు మొత్తం తీరిపోయినట్టే. ఎవరికి చేదు చెప్పండి? అయితే అప్లై చెయ్యాలంటే వంశంలో రోగాలు లేవని డాక్టర్ సర్టిఫికెట్ కావాలి, యూదులకి ఇవ్వరు. గవర్నమెంట్ ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు తాతా అమ్మమ్మల వరకూ "శుద్ధమైన" వంశమని కాగితాలు చూపించాలి, దానికోసం జనం ఎప్పుడో తాతల కాలంలో వదిలేసిన ఊళ్ళ చర్చిలకి ఉత్తరాలు రాసి బాప్టిజం సర్టిఫికెట్లు తెప్పించుకున్నారు. ఆ క్లర్క్‌ని ఆపి జాతి సిద్ధాంతం మీద నీ అభిప్రాయం ఏంటి అంటే నాకెందుకండీ ఆ గొడవ అనేవాడేమో, కానీ సాయంత్రం కూర్చుని మా నాయనమ్మ ఫలానా చర్చిలో ఫలానా తేదీన అని టేబుల్ నింపుతున్నాడు, ఎవరు మనవాళ్ళు ఎవరు కాదు అన్న లెక్క అతని సొంత చేతిరాతతోనే అతని ఇంట్లోకి వచ్చేసింది, దాన్ని నమ్మావా లేదా అని అడిగే అవసరమే పడలేదు.

స్కూళ్ళ సంగతి చెప్తే నమ్మరు, లెక్కల పుస్తకంలో లెక్క ఎలా ఉంటుందంటే ఒక పిచ్చాసుపత్రి కట్టడానికి ఇన్ని లక్షల మార్కులు అయింది, ఒక్కో ఇంటికి ఇంత చొప్పున అయితే ఆ డబ్బుతో ఎన్ని ఇళ్ళు కట్టొచ్చు? పిల్లాడు భాగహారం చేసి ఆన్సర్ రాస్తాడు, మాస్టారు రైట్ మార్క్ కొడతాడు. ఆ పేషెంట్లు బరువు అని ఎవరూ నోటితో అనక్కర్లేదు. తర్వాత 1940, 41లో నిజంగానే అలాంటి పేషెంట్లని దాదాపు 70 వేల మందిని గ్యాస్ పెట్టి చంపారు.

సో ప్రచారం అంటే స్పీచ్‌లూ పోస్టర్లూ అనుకుంటే మీకు ఆన్సర్ దొరకదు, అప్లికేషన్లలో వెతకండి.

కాకినాడ_కాజా:
బండి గారూ, రాసింది బాగుంది గానీ లోన్లూ కూపన్లూ అంటూ అసలు విషయం మరీ మెత్తగా చేసేస్తున్నారు. ఆర్డర్ చూడండి అసలు. 1933 ఫిబ్రవరి 27న పార్లమెంట్ బిల్డింగ్ తగలబడింది, మర్నాడే ఆర్డినెన్స్, పౌర హక్కులన్నీ రద్దు. మార్చి 22న డాచౌలో ప్రత్యర్థుల్ని బంధించే క్యాంప్ ఓపెన్. అదేమీ రహస్యం కాదు, 5,000 మంది పట్టే క్యాంప్ పెడుతున్నాం అని మ్యూనిక్ పేపర్లోనే వేయించారు, అందరూ చదవాలనే. మార్చి 23న ఎనేబ్లింగ్ యాక్ట్, అంటే పార్లమెంట్ లేకుండానే హిట్లర్ ప్రభుత్వం చట్టాలు చేసుకోవచ్చు, జులై 14కి వాళ్ళది తప్ప వేరే పార్టీయే లేదు. యూనియన్ల కథ అయితే ఇంకా దారుణం, మే 1ని జీతంతో సెలవు చేస్తే వర్కర్లు ఎన్నేళ్ళుగానో అడుగుతున్నది దొరికిందని ఊరేగింపుల్లో నడిచారు, మే 2 పొద్దున్నే యూనియన్ ఆఫీసులన్నిటి మీదా పడి లీడర్లని ఎత్తుకెళ్ళారు.

మీరడిగిన ఆ సగం మంది ఏమయ్యారంటే, వాళ్ళని నడిపించేవాళ్ళు జైల్లోనో, క్యాంపులోనో, ఫ్రాన్స్ పారిపోయో ఉన్నారు. మిగిలినవాళ్ళు ఒంటరిగా ఇంట్లో కూర్చున్నారు. జోకు వేసినా కేసే, దానికి 1934 డిసెంబర్‌లో చట్టమే చేశారు. పెళ్ళి లోన్ తర్వాత వచ్చిన కబురు, ముందు లాఠీ. తన్నడం పూర్తయ్యాక స్వీట్లు పంచితే జనం స్వీట్లు చూసి మారిపోయారంటే ఎలాగండీ?

ఆ గుప్పెట్లో కూడా, హిట్లర్‌కి ప్రెసిడెంట్ అధికారాలు కూడా ఇవ్వాలా అని పెట్టిన 1934 ఆగస్టు రెఫరెండంలో పది శాతం మంది నో అని ఓటేశారు, 40 లక్షల పైనే. నో వేస్తే ఏమవుతుందో తెలిసీ వేశారు.

రామప్ప_మెట్లు:
కాజా అన్నా, నువ్వు చెప్పింది 33, 34కి కరెక్ట్. కానీ ఒక ముచ్చట చెప్త విను. గెస్టపో అంటే నాజీల రహస్య పోలీసులు, సినిమాలల్ల చూసి గల్లీకొక్కడు ఉన్నడనుకుంటం. వుర్జ్‌బర్గ్ ఆఫీస్ ఫైళ్ళు కాలిపోకుండ మిగిలినయి, అండ్ల చూస్తే 1937ల ఆ ఆఫీసుల పనిచేసేటోళ్ళు 22 మంది, వాళ్ళ కింద ఉన్న జనాభా 8 లక్షల పైన. ఇరవై ఇద్దరు ఎంతమందిని కనిపెడ్తరు? వాళ్ళకు పని జనమే తెచ్చిచ్చిండ్రు. పక్కింటోడు యూదు డాక్టర్ దగ్గరికి పోతుండు, మా ఓనర్ హిట్లర్‌ను తిట్టిండు, ఫలానామె ఆ ఫలానాయనతోని తిరుగుతుంది అని కంప్లైంట్లు. మస్తు కంప్లైంట్లు ఎందుకు ఇచ్చిండ్రంటే సిద్ధాంతం మీద ప్రేమతోని గాదు, బాకీ ఎగ్గొట్టనీకి, కిరాయి ఇల్లు ఖాళీ చేయించనీకి, మొగుణ్ణి వదిలించుకోనీకి. ఒక కాగితం మీద రాసి ఇస్తే సర్కారు వచ్చి నీ పగ తీరుస్తది. అంటే భయపెట్టేటోడు, భయపడేటోడు వేర్వేరు మనుషులు కాదు అన్నా, పొద్దుగాల భయపడ్డోడే పొద్దుమూకినంక పోయి పక్కింటోని మీద రాసొస్తడు.

ఇగ గల్లీల ఉండేది బ్లాక్ లీడర్. 40 నుంచి 60 ఇండ్లకు ఒకడు, వాడు పోలీసోడు గాదు, నీ గల్లీల మనిషే. చందాకు వస్తడు, పండుగ నాడు జెండా కట్టినవా లేదా చూస్తడు, నువ్వు దండం పెడితే ఏమన్నవ్, మొత్తుకుని హైల్ హిట్లర్ అన్నవా, లేకుంటే పాత పద్ధతిల గుడ్ మార్నింగ్ అన్నవా, అదంత మతిలో పెట్టుకుంటడు. నువ్వు లోపల ఏమనుకున్నా ఎవనికి గావాలె, చెయ్యి లేపినవా లేదా. గల్లీ అంత చెయ్యి లేపినంక, లేపినోళ్ళల్ల ఎంతమందికి నీ లెక్కనే ఇష్టం లేదో నీకెట్ల తెలుస్తది? అందరు నమ్ముతున్నరు, నేనొక్కడినే పిచ్చోణ్ణేమో అనిపిస్తది. నా మటుకు నాకు అసలు కీలకం గిదే.

ఇసార్_ఒడ్డున:
మ్యూనిక్‌లో ఉంటా, రామప్ప గారు చెయ్యి లేపడం అన్నారు కాబట్టి ఒకటి చెప్పాలి. ఇక్కడ సిటీ మధ్యలో ఓడియన్స్‌ప్లాట్జ్ దగ్గర ఫెల్డ్‌హెర్న్‌హాలె అని రాతి మంటపం ఉంటుంది, 1923లో హిట్లర్ తిరుగుబాటు చెయ్యబోయి ఫెయిలైంది అక్కడే. అధికారంలోకి వచ్చాక దాని పక్క గోడకి అప్పుడు చచ్చిపోయిన నాజీల పేర్లతో ఫలకం పెట్టి ఇద్దరు గార్డుల్ని నిలబెట్టారు, ఆ రోడ్డు మీద పోయే ప్రతి మనిషీ, సైకిల్ మీద పోయేవాడితో సహా, దానికి చెయ్యెత్తి సెల్యూట్ చెయ్యాలి. సెల్యూట్ ఇష్టం లేనివాళ్ళు ఏం చేసేవాళ్ళంటే మంటపానికి సరిగ్గా వెనకాల ఒక చిన్న సందు ఉంది, విస్కార్డిగాసె, అందులోకి తిరిగిపోయి అటునుంచి వెళ్ళిపోయేవాళ్ళు. ఆ సందుకి ఎగవేతగాళ్ళ సందు అని ఊళ్ళోవాళ్ళే పేరు పెట్టుకున్నారు. ఇప్పుడు ఆ సందులో నేల మీద మామూలు రాళ్ళ మధ్యలో బంగారు రంగులో మెరిసే కంచు రాళ్ళతో వంకర గీత ఒకటి ఉంటుంది, జనం నడిచిన దారి అన్నమాట, 1995లో వేశారు. టూరిస్టులు ఫోన్ చూసుకుంటూ దాని మీద నుంచే నడిచిపోతారు, ఎవరూ చూడరు, నేను కూడా ఎవరో చెప్తే చూశా.

నాకు అందులో ఇంట్రెస్టింగ్ ఏంటంటే, ఆ సందులోంచి పోయినవాళ్ళు హీరోలేం కాదు, ఎదిరించలేదు కూడా, జస్ట్ రూట్ మార్చుకున్నారు. మెయిన్ రోడ్డులో నిలబడి చూసేవాడికి మాత్రం ఏం కనిపిస్తుంది? అటుపోయే వందకి వంద మందీ చెయ్యి ఎత్తుతున్నట్టే. ఇష్టం లేనివాళ్ళు వాళ్ళంతట వాళ్ళే ఫ్రేమ్‌లోంచి తప్పుకున్నారు.

ఇంకోటి, ఇక్కడ పాత సామాన్ల సంతల్లో చిన్న చిన్న పింగాణీ బొమ్మల బ్యాడ్జీలు అమ్ముతుంటారు, సీతాకోకచిలుకలు, పక్షులు, కథల్లో బొమ్మలు, గోరంత సైజు. స్వస్తిక ఉన్న సామాన్ల మీద స్టిక్కర్ అంటించి పెడతారు, వీటిల్లో చాలా వాటికి అదేం ఉండదు, చూడ్డానికి అసలు ముద్దొస్తాయి. తర్వాత తెలిసింది అవి వింటర్ రిలీఫ్ బ్యాడ్జీలు అని. చలికాలంలో పేదవాళ్ళకి బొగ్గు, బట్టలు, తిండి అని నాజీలు దేశమంతా డబ్బాలు ఊపుకుంటూ చందాలు వసూలు చేసేవాళ్ళు, డబ్బాలో వేస్తే బ్యాడ్జీ ఇస్తారు, నెల నెలా కొత్త సెట్, పిల్లలు అన్నీ కలెక్ట్ చేస్తామని ఇంట్లో గొడవ చేసేవాళ్ళు. కోటుకి బ్యాడ్జీ లేకుండా బజారుకి వెళ్తే డబ్బా వాడు ఆపుతాడు. అది దానమా, టాక్సా, సిద్ధాంతమా, పిల్లల ఆటా? అన్నీనూ.

పాతపేపర్ల_బండి:
ఇసార్ గారూ సూపర్. దానికి చెల్లెలు లాంటిది ఇంకోటుంది, అక్టోబర్ నుంచి మార్చి దాకా నెలకో ఆదివారం దేశమంతా అన్నీ ఒకే గిన్నెలో వేసి ఉడికించిన వంటే తినాలి, హోటళ్ళలో కూడా అదే, మిగిలిన డబ్బు వసూలుకి మనిషి గుమ్మంలోకి వస్తాడు. మంత్రులు కూడా అదే తింటున్నట్టు ఫోటోలు. ధనికా పేదా అందరం ఒకటే అన్న ఫీలింగ్, అయితే ఆ అందరిలో ఎవరెవరు లేరన్నది ఎవరూ అడగరు.

కాజా గారి పాయింట్ నేను కాదనట్లేదు. లాఠీ ముందే వచ్చింది. కానీ లాఠీ ఒక్కటే అయితే ఫ్రాన్స్ సరిహద్దులో జర్మన్లు ఉండే జార్‌లాండ్ (Saarland) సంగతి ఏమంటారు? అది అప్పటికి నానాజాతి సమితి కింద ఉంది, జర్మనీ పోలీసులు లేరు, 1935 జనవరి 13న అంతర్జాతీయ పర్యవేక్షణలో రహస్య ఓటింగ్ జరిగింది, హిట్లర్ జర్మనీలో కలవడానికి 90 శాతం పైన ఓటేశారు. డాచౌ గురించి వాళ్ళకి తెలుసు, పారిపోయి వచ్చినవాళ్ళు వాళ్ళ మధ్యే ఉన్నారు.

కాకినాడ_కాజా:
జార్‌లో వాళ్ళు జర్మనీకి ఓటేశారు, 15 ఏళ్ళు వేరేవాళ్ళ పెత్తనం కింద ఉన్న జర్మన్లు ఎవడున్నా జర్మనీకే వేస్తారు. దాన్ని నాజీ సిద్ధాంతానికి ఓటు అంటే నేనొప్పుకోను.

పాతపేపర్ల_బండి:
సరిగ్గా అదే కదా ట్రిక్కు. రెండూ విడదీయకుండా ఒకటే ప్యాకెట్‌లో అమ్మాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడాక నెత్తిన రుద్దిన వెర్సైల్స్ ఒప్పందం అవమానం మీద కోపం అందరికీ ఉంది, సోషలిస్టుకీ ఉంది, చర్చికి వెళ్ళేవాడికీ ఉంది. జర్మన్ సైన్యం ఉండకూడదని ఆ ఒప్పందం చెప్పిన రైన్‌లాండ్‌లోకి 1936లో సైన్యం వెళ్తే, 38లో ఆస్ట్రియా కలిస్తే, నాజీలంటే పడనివాడు కూడా ఆ ఒక్క రోజు చప్పట్లు కొట్టాడు. అలా ఒక్కోడూ ఒక్కో విషయంలో ఒప్పుకున్నాడు, ఉద్యోగం దొరికిందని ఒకడు, దేశం పరువు నిలబడిందని ఒకడు, కమ్యూనిస్టుల పీడ పోయిందని ఇంకొకడు. మొత్తం సిద్ధాంతం ఒప్పుకున్నవాళ్ళు తక్కువే అయ్యుండొచ్చు, ఏదో ఒక ముక్క కూడా నచ్చనివాళ్ళు ఇంకా తక్కువ.

సగం_నోట్స్:
ఇంత వస్తుందనుకోలేదు, థాంక్యూ అందరికీ. రెండు డౌట్లు. ఒకటి, యూదుల విషయంలో కూడా ఇలాగే ముక్కలు ముక్కలుగా ఒప్పుకున్నారా? రెండు, జనం గట్టిగా కాదంటే గవర్నమెంట్ ఎప్పుడైనా వెనక్కి తగ్గిందా, అసలు ఆ ఛాన్స్ ఉందా?

రామప్ప_మెట్లు:
రెండోదానికి నేను చెప్త. తగ్గింది. 1936 నవంబర్‌ల ఓల్డెన్‌బర్గ్ దిక్కు స్కూళ్ళల్లకెళ్ళి సిలువలు తీసెయ్యాలె అని ఆర్డర్ ఇస్తే, అక్కడి కాథలిక్ రైతులు ఊర్లకు ఊర్లు కదిలిండ్రు, గవర్నర్ అందరి ముంగట నిలవడి ఆర్డర్ వాపస్ అని చెప్పాల్సి వచ్చింది. 1941ల ఇందాక బండి అన్న చెప్పిన పేషెంట్లను చంపే ముచ్చట మీద మ్యూన్‌స్టర్ బిషప్ గాలెన్ ఆగస్టు 3 నాడు చర్చిల బహిరంగంగ ఇది హత్య అన్నడు, ఆ ప్రసంగం కాపీలు దేశమంత తిరిగినయి, అదే నెల 24న హిట్లర్ ఆ ప్రోగ్రాం ఆపమన్నడు. తర్వాత సప్పుడు గాకుంట వేరే పద్ధతిల నడిపిచ్చిండ్రు, అది వేరే సంగతి. బిషప్‌ను మాత్రం ముట్టలే. 1943ల బెర్లిన్‌ల రోజెన్‌స్ట్రాసెల యూదు భర్తలను పట్టుకపోతే వాళ్ళ జర్మన్ భార్యలు వాళ్ళను పెట్టిన బిల్డింగ్ ముంగట దినాలకు దినాలు నిలవడ్డరు, వాళ్ళను విడిచిపెట్టిండ్రు.

జనం ఏమనుకుంటున్నరో వాళ్ళు లెక్క రాసుకునేటోళ్ళు, ఎస్‌డీ అని ఇంటెలిజెన్స్ ఉండె, లైన్ల నిలవడ్డ ఆడోళ్ళు ఏం మాట్లాడుకుంటున్నరు, సినిమా హాల్ల న్యూస్ రీల్ వస్తే ఎవరన్న నవ్విండ్రా, అదంత రిపోర్ట్ రాసి పైకి పంపేటోళ్ళు. ఓట్లు అక్కరలేని సర్కారుకు మన సర్కార్ల కంటే ఎక్కువ భయం ఉండె జనం మూడ్ గురించి.

ఇప్పుడు నీ మొదటి డౌట్ గీ ముచ్చట్లకెళ్ళే పుడతది. సిలువ కోసం కదిలిన ఊర్లు, పక్కింటి యూదుని కోసం ఎందుకు కదల్లే?

పాతపేపర్ల_బండి:
దానికి నా దగ్గర ఉన్నది ఒక్క ఉదాహరణ, హాంబర్గ్. 1933 ఏప్రిల్ 1న యూదుల షాపుల్లో కొనొద్దని బాయ్‌కాట్ పెడితే జనం పెద్దగా పట్టించుకోలేదు, కొంతమంది కావాలనే వెళ్ళి కొన్నారు. 1938 నవంబర్‌లో షాపుల అద్దాలు పగలగొట్టి ప్రార్థనా మందిరాలు తగలబెడితే చాలామంది మొహం చిట్లించారు, అయితే వాళ్ళు బాధపడింది ఎక్కువగా వస్తువులు నాశనం అయ్యాయని, వీధిలో గలాటా అయిందని. 1941 నుంచి యూదుల్ని రైళ్ళెక్కించి పంపేశాక వాళ్ళ ఇళ్ళలో సామాన్లు, ఇక్కడివే కాదు హాలండ్ లాంటి చోట్ల నుంచి ఓడల్లో తెచ్చినవి కూడా, హాంబర్గ్ రేవులో బహిరంగ వేలం వేశారు. సోఫాలు, కుట్టు మిషన్లు, దుప్పట్లు, ఉన్ని కోట్లు, పిల్లల బట్టలు. యుద్ధం టైం, బాంబులు పడి ఇళ్ళు పోయినవాళ్ళున్నారు, షాపుల్లో ఏమీ దొరకట్లేదు. హాంబర్గ్, చుట్టుపక్కల కలిపి కనీసం లక్ష మంది ఆ వేలాల్లో కొన్నారని చరిత్రకారులు లెక్క తేల్చారు.

ఆ లక్ష మందిలో కరడుగట్టిన నాజీలు ఎంతమంది? ఒకామెకి కోటు కావాలి, కొంది. జేబులో ఎవరిదో పేరు కుట్టి ఉంటే విప్పేసింది. ఆ తర్వాత ఆమెకి ఆ కోటు వాళ్ళు తిరిగి వస్తారేమో అన్న ఆలోచన ఇష్టం ఉండదు. వాళ్ళు ఏదో తప్పు చేసే ఉంటారు, గవర్నమెంట్ ఊరికే పంపదు కదా అనుకోవడం ఆమెకి అవసరం. ముందు నమ్మి తర్వాత కొన్నవాళ్ళ కంటే, కొన్నాక నమ్మాల్సొచ్చినవాళ్ళే ఎక్కువేమో అని నా అనుమానం. చర్చి సిలువ పోతే ఊరికి నష్టం, పక్కింటివాళ్ళు పోతే ఒక ఫ్లాట్ ఖాళీ.

కాకినాడ_కాజా:
ఈ చివరి దాంట్లో నాకు గొడవ లేదు. కానీ అది 1941 కథ, ప్రశ్న 33, 36 మధ్య ఏమైందని. అక్కడ నా ఆన్సర్ మారదు, ముందు లీడర్లని తీసేశారు, అందుకే మిగతావన్నీ పనిచేశాయి. సగం_నోట్స్ గారూ, ఎగ్జామ్‌లో రాసేటప్పుడు తేదీలు వరసగా పెట్టండి, అదే వాదన చెప్తుంది.

ఇసార్_ఒడ్డున:
లాభం చూపించి లాగడం అన్నారు కదా, అన్నీ నిజంగా ఇవ్వలేదు కూడా. ఫోక్స్‌వాగన్ కారు ఉంది చూడండి, 1938లో వారానికి కనీసం 5 మార్కులు కట్టి స్టాంపులు అంటించుకోండి, పుస్తకం నిండితే 990 మార్కుల కారు మీది అన్నారు. మూడు లక్షల మందికి పైగా కట్టారు. యుద్ధం వచ్చింది, ఫ్యాక్టరీలో మిలిటరీ బండ్లు చేశారు, కట్టినవాళ్ళలో ఒక్కరికీ కారు రాలేదు. అయినా యుద్ధం మధ్యలో కూడా స్టాంపులు కొంటూనే ఉన్నారు చాలామంది.

సగం_నోట్స్:
మరి ఆ డబ్బులు ఏమయ్యాయి, ఎప్పటికైనా ఇచ్చారా?

ఇసార్_ఒడ్డున:
బెర్లిన్ బ్యాంక్‌లో ఉన్నదంతా రష్యన్ల చేతికి పోయింది. కట్టినవాళ్ళు యుద్ధం అయ్యాక ఫోక్స్‌వాగన్ మీద కేసు వేశారు, ఏళ్ళ తరబడి నడిచి 1961లో సెటిల్ అయింది. పుస్తకం నిండా స్టాంపులు ఉన్నవాళ్ళకి కొత్త కారు కొంటే 600 మార్కుల డిస్కౌంట్, కారు వద్దంటే 100 మార్కులు క్యాష్.